గడీ తన పేరు పెట్టుకున్న మా అమ్మ ఇసుర్రాయి

దయ్యాలున్నాయంటే నేను ఎన్నడూ నమ్మలేదు. జఫర్‌గఢ్ దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు దొర గడీకి భయపడడానికే మాకు పొద్దు సరిపోయేది. ఇంక దయ్యాల దాకా ఎవరు పోతారు? ఇది చదివి ముసలామె భ్రమ అనుకునేవాళ్లు అనుకోండి. చూసింది చూసినట్టే రాస్తున్నాను.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామ గోడల మీద ఏం రాశారో నా కొడుకు చదివి చెబితేనే తెలిసేది. ఎనభైలలో జనగామలోనే మా వాడలో ఆడవాళ్లకు బడి పెడితే పోయి పలక పట్టాను. అప్పుడే కొందరు పెద్దమనుషులు చరిత్ర సంఘం పెట్టి, ఒక అద్దె గదిలో పాత వస్తువులు పేర్చారు. మా పంతులమ్మ మమ్మల్ని చూడ్డానికి తీసుకుపోయింది.

కత్తులు, హుక్కాలు దాటాక ఒక మూల ఇసుర్రాయి ఉంది. దాని ముందు అట్టముక్క. కూడబలుక్కొని చదివాను. "దొరవారి వంటింటి ఇసుర్రాయి. దొరవారి కుటుంబం ఇచ్చినది."

అది మా అమ్మ రాయి. పైరాయి పగిలితే మా నాయిన కమ్మరితో వేయించిన ఇనుప పట్టీ అట్లనే ఉంది. నా చిన్నప్పుడు గడీలో పెండ్లి, పిండి చాలా కావాలని ఆ రాయిని బండి మీద వేసుకుపోయారు. విసరడానికి అమ్మను కూడా రమ్మన్నారు. పెండ్లి అయింది, అమ్మ తిరిగొచ్చింది, రాయి రాలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది? బతికినన్నాళ్లూ అమ్మ జొన్నల గంప ఎత్తుకొని వాళ్లింటికీ వీళ్లింటికీ తిరిగి విసురుకొచ్చేది.

సంఘం సెక్రటరీ సారుతో చెప్పాను. రిటైరైన పంతులు, చెడ్డవాడేం కాదు.

"కాయితమేమన్న ఉన్నదా అవ్వా?"

"దొర తెచ్చిండా సారూ కాయితం?"

ఆయన నవ్వాడు. సంఘానికి అధ్యక్షుడు దొర మనుమడే మరి.

మా అమ్మకు ఒక పట్టింపు ఉండేది. విసరడం అయ్యాక రాయి నోరు ఉత్తగా ఉంచేది కాదు. పిడికెడు జొన్నలు వేసి లేచేది. మరునాటి పిండి వాటితోనే మొదలయ్యేది.

"పోనీ, దాని నోట్ల పిడికెడు జొన్నలన్న వెయ్యుండ్రి" అన్నాను.

"రాయికి ఆకలైతదా?"

"గడీకి ఆకలైతే రాయినే ఎత్తుకపోయిన్రు గద సారూ" అంది నాతో బడికొచ్చే లచ్చక్క. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంగట్లో కొన్న జొన్నలు కొంగున ఉన్నాయి. పిడికెడు తీసి నేనే వేసి వచ్చాను.

తెల్లారి సారు నన్ను పిలిపించాడు. రాయి చుట్టూ మెత్తటి జొన్నపిండి. గదికి తాళం వేసి ఉంది, చెవి ఆయన దగ్గరే ఉంది. ఆ రాయికి పిడి లేదు. ఎప్పుడో విరిగిపోయి ఉత్త రంధ్రం మిగిలింది. పిడి లేని రాయిని ఎవరు తిప్పుతారు?

"ఎవరితోటి చేయించినవ్?" అని అధ్యక్షుడు నన్నే గద్దించాడు. రాయి పోగొట్టుకున్న మేమే దొంగలమైనట్టుంది.

పిండి ఊడ్చి, తాళం మార్చి, కొత్త చెవి అధ్యక్షుడు తన దగ్గరే పెట్టుకున్నాడు. ఈసారి నోట్లో గింజ లేదు. అయినా తెల్లారి మళ్లీ పిండి. అప్పుడేం చేశారో తెలుసా? రాయి నోరు సిమెంటుతో పూడ్పించారు. అట్టముక్క మార్చడం కన్నా వాళ్లకు అదే సులువైంది. నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మరునాడు పొద్దున్నే పోయి గుమ్మం ముందు నిలబడ్డాను. అధ్యక్షుడు రాలేదు, చెవి పంపాడు. సారు నా ముందే తాళం తీశాడు. సిమెంటు గట్టిగా ఆరి ఉంది, ఎక్కడా పగుల్లేదు. రాయి చుట్టూ పిండి. వేలు పెట్టి చూశాను. అప్పుడే విసిరినట్టు వెచ్చగా ఉంది.

సారు కూడా ముట్టుకున్నాడు. తర్వాత ఆ అట్టముక్క తీసి వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీశాడు.

"మీ అమ్మ పేరేంది అవ్వా?"

"ఇటియ్యుండ్రి. నేనే రాస్త."

ఎల్లవ్వ అని రాశాను. అంతకుముందు ఆ పేరు ఎవరూ ఎక్కడా రాసి ఉండరు. అక్షరాలు వంకరగా వచ్చాయి. సారు దిద్దబోయి ఆగి, దాన్ని అట్లనే రాయి ముందు పెట్టాడు.

పిండి మొత్తం కొంగులోకి ఎత్తుకొచ్చి, వేడినీళ్లతో కలిపి రొట్టెలు చేశాను. లచ్చక్కా నేనూ తిన్నాం. మామూలు జొన్నరొట్టెలే, రుచిలో ఏ తేడా లేదు.

ఆ తర్వాత పిండి రాలేదని సారు చెప్పాడు. అధ్యక్షుడు ఆ గదికి రావడమే మానేశాడు. పిడి లేని రాయిని ఎవరు తిప్పారో, నోరు పూడ్చాక పిండి ఎటునుంచి వచ్చిందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఎలుకలన్నారు, ఎవరో ఆకతాయిలన్నారు. అననీ. నేను నోరు తెరిచి చెబితే కాయితం అడిగినవాళ్లు, ఆ పిండిని మాత్రం ఏ కాయితమూ అడగలేదు.