ఉప్పు చూడని వంటవాడు

ఎంగిలి అనే మాట మీద నేను విరుచుకుపడని సభ లేదు. ఒకరి నోటికి తగిలింది ఇంకొకరికి మైల ఎట్లా అవుతుంది? ఆ వంకతోనే కదా మనుషులను వేరే పంక్తిలో కూర్చోబెట్టింది! ఇంత మాట్లాడేవాణ్ణి, వండుతూ వండుతూ ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేకపోయేవాణ్ణి. మేడ్చల్ రోడ్డు మీది హోటల్లో పద్దెనిమిదేళ్లుగా పెద్ద వంటవాణ్ణి నేను. ఆవిరి వాసన, నూనె తేలిన తీరు చూసి ఉప్పు చెప్పేసేవాణ్ణి. శామీర్‌పేట చెరువు చేపలతో మా అమ్మ పులుసు పెట్టేదీ అట్లాగే. చిన్నప్పుడు నేను గరిటె నోటి దగ్గరకు తెస్తే, "పొయ్యి మీది గిన్నెను ఎంగిలి జేస్తవార?" అని లాక్కునేది.

టీవీ వంటల పోటీలో మొదటి వారమే దెబ్బతిన్నాను. నా పిడికిలికి అలవాటైంది దొడ్డుప్పు. అక్కడ పెట్టింది సన్నుప్పు, పిడికిట్లో ఎక్కువ పడుతుంది. అదే పిడికిలితో వేస్తే కూర ఉప్పుకషాయమైంది. జడ్జిగా వచ్చినావిడ ఒక్క ముద్ద తిని గ్లాసుడు నీళ్లు తాగింది.

"చెఫ్ గారూ, మీరు రుచి చూడలేదా?"

"అలవాటు లేదండీ."

"మళ్లీ ఇట్లా అయితే ఇంటికే."

రెండో వారం ఇంటివాళ్లను పిలిచారు. అమ్మ ముందు వరుసలో కూర్చుంది. చేపల పులుసు దించే వేళకు చెంచా పట్టుకుని నిలబడిపోయాను. నా వాదాలన్నీ నాకు కంఠతా వచ్చు. చెయ్యి మాత్రం లేవదు.

"ఏందిరా గట్ల నిలవడ్డవ్? ఉప్పు సూడు!" అని అమ్మ కేకేసింది. "ఎంగిలి సంగతి ఇంటికాడ సూస్కుందం. జల్దీ సూడు, మల్ల ఎల్లగొడ్తరు నిన్ను!"

సెట్టంతా నవ్వింది. నేను చూశాను. భయంతో ఈసారి ఉప్పు మరీ తక్కువ వేశానని అప్పుడు తెలిసింది. ఇంకాస్త వేసి, వేరే చెంచాతో మళ్లీ చూసి దించాను. ఆ వారం గట్టెక్కాను. మరో మూడు వారాలు నిలిచి ఓడిపోయాను. ఆ ఓటమికి కారణం ఉప్పు కాదు, నా మిఠాయి.

నా ఉపన్యాసాలకు కదలని ఆచారం, కొడుకు ఓడిపోతాడన్న భయానికి కదిలింది. దీన్ని నా గెలుపు అని రాసుకోలేను. ఇప్పుడు మా హోటల్లో ప్రతి పొయ్యి పక్కనా కడిగిన చెంచాలుంటాయి. ఒకసారి నోట పెట్టింది మళ్లీ గిన్నెలోకి పోదు. అది మైల కాదు, శుభ్రత.

మొన్న ఆదివారం అమ్మ పులుసు పెడుతుంటే ఒక చెంచా ఇచ్చాను.

"నేనెందుకు సూడాలె? టీవీల నీకు ఉప్పు కొత్త. నా ఉప్పు నాకెర్కనే."

గంటసేపు వాదించాను. ఆమె ఒప్పుకోలేదు. పులుసు రెండోసారీ వేయించుకున్నాను.