ప్లాట్‌ఫారం మేనత్త

మిసెంగత్తకు ఒక్కటే జబ్బు. చుట్టరికం తేలందే ఎవరికీ ముద్ద వడ్డించదు.

ముయెనె దితు స్టేషన్లో కర్రపెండలం పిండి ముద్ద, ఆకుకూర, ఎండుచేప అమ్మేవాళ్ళు పదిమంది ఉన్నారు. తక్కిన తొమ్మిదిమంది అడగ్గానే పెడతారు. మిసెంగత్త ముందు వంశం అడుగుతుంది. రెండు రోజుల్లో వస్తానన్న రైలు ఐదో రోజుకు చేరుతుంది. దిగినవాడికి ఆకలితో కళ్ళు తిరుగుతుంటాయి. ఈమె మాత్రం గరిటె పైకెత్తి పట్టుకుని ఉంటుంది.

"ఏ ఊరు నాయనా?"

"కమీనా. తొందరగా పెట్టమ్మా, ప్రాణం పోతోంది."

"కమీనాలో ఎవరి తాలూకు?"

"బ్రేకులు చూసే లుంబాల కొడుకుని."

"లుంబాల తల్లి పేరేంటి?"

"నాకేం తెలుసు! నేను పుట్టకముందే పోయింది."

"విన్నారటర్రా! మా పెద్దమ్మ కూతురి పేరు తెలీదంటున్నాడు, సొంత మనవడు! ఇంద, తిను. మెల్లగా తిను, పొలమారుతుంది."

ఊరంతా రైలు దిగినవాళ్ళే. పట్టాలు వేయడానికి వచ్చి ఉండిపోయినవాళ్ళు, బతుకుతెరువుకు వచ్చినవాళ్ళు, నిద్రమత్తులో వేరే స్టేషననుకుని దిగినవాళ్ళు. ఎవరి పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు. మిసెంగత్తకు అదే కలిసొచ్చింది. కాదనడానికి సాక్షి ఎక్కడ?

ఒకసారి అమ్ముకునేవాళ్ళను ఖాళీ చేయించమని కొత్త పోలీసును పంపారు. లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. పావుగంట తర్వాత చూస్తే బొగ్గుల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని విసురుతున్నాడు. మిసెంగత్త ఆ లాఠీతో కోళ్ళను తోలుతోంది.

"మా చిన్నాన్న మనవడు. నా వీపు మీదే పెరిగాడు," అని అందరికీ చూపించింది.

ఆ పోలీసు ఆమెకంటే రెండేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు. అయినా కిక్కురుమనకుండా విసిరాడు.

ఆమె గరిటె ఆలోచనలో పడింది ఒక్కసారే, అదీ ముతెబ ముందు. ముతెబ అప్పుడే ఇంజన్ల షెడ్డులో మెకానిక్‌గా చేరాడు.

"ఎవరి అబ్బాయివి?"

"తెలీదు. పసిగుడ్డుగా గూడ్సు పెట్టెలో దొరికానట. గార్డు ఒకాయన పెంచాడు, ఆయనా పోయాడు. నువ్వు పెట్టనంటే చెప్పు, పక్కామె దగ్గర తింటాను."

పక్కామె పళ్ళెం తుడిచి సిద్ధంగా ఉంది. మిసెంగత్త నుదురు రుద్దుకుంది.

"గూడ్సులో సరుకేంటి?"

"సున్నం అన్నారు."

"అలా చెప్పవేంరా! మా ఆయన సున్నం బస్తాలే మోసేవాడు. నువ్వు నా కొడుకువి!"

ముతెబ కడుపుబ్బ నవ్వాడు. గదికి వెళ్ళాక మాత్రం ఆ ఆఖరి మాటను తనలో తాను రెండుమూడుసార్లు అనుకున్నాడు.

ఆరేళ్ళు గడిచాయి. ముతెబ మనసు బిలోండ మీద పడింది, బిలోండ మనసూ అతని మీదే ఉంది. ఆమె తండ్రి పేరు చియామల, ఆ స్టేషన్లోనే రైళ్ళకు పట్టాలు మార్చే ఉద్యోగి. పిల్లాడి తరఫున పెద్దవాళ్ళు మేకను తోలుకెళ్ళి పిల్లనడగాలి, అది అక్కడి ఆచారం. ముతెబకు పెద్దవాళ్ళెవరు? మిసెంగత్త కొత్త గుడ్డ కట్టుకుని, తలకు ఇంకో గుడ్డ చుట్టుకుని, మేకను పట్టుకుని ముందు నడిచింది.

వాకిట్లో చాప మీద బిలోండ ముత్తవ్వ కాంకు కూర్చుని ఉంది. పళ్ళు లేవు గానీ మాటలకు పదునుంది.

"ఎవరి తరఫున వచ్చావే?"

"పిల్లాడి తల్లిని."

"మంచిది. మరి మా చియామల నీకేమవుతాడు?"

మిసెంగత్త నాలుక కరుచుకుంది. పదహారేళ్ళుగా చియామలను ఊరంతా వినేలా "మా తమ్ముడు, నా వీపున మోశాను" అంటోంది. స్టేషన్లో అతను పనిచేసే కేబిన్ నీడలోనే పొయ్యి పెట్టుకుంది.

"అక్క కొడుకు, తమ్ముడి కూతురు. మన ఆచారంలో తోబుట్టువుల పిల్లలు తోబుట్టువులే," అంది కాంకు. "వాళ్ళకు పెళ్ళేమిటి, పాపిష్టిదానా? మేకను తోలుకుపో."

"దూరపు తమ్ముడులే అవ్వా."

"దూరమా? వీపున మోశానన్నావు!"

ముతెబ తల దించుకున్నాడు. లోపల బిలోండ ఏడుపు వినిపించింది. చుట్టరికం కలపడమే తప్ప తెంచడం ఎరగని మనిషి ఆ రోజు తెంచింది.

"అబద్ధం," అంది. "నేనెవరినీ మోయలేదు. నాకు తమ్ముడు లేడు. సున్నం మోసే మొగుడూ లేడు. నేను రైలు దిగినప్పుడు మూడు రోజులు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఎవరి పిల్లవే అని ఒక్కరూ అడగలేదు. ఇంకెవరికీ అలా కాకూడదనుకున్నా. చియామలా, నువ్వు నాకేమీ కావు. రేపే నీ నీడలోంచి పొయ్యి తీసేస్తాను. పిల్లనివ్వు."

"తమ్ముడు అబద్ధమైతే కొడుకు మాత్రం నిజమా?" కాంకు వదల్లేదు.

మిసెంగత్త నోరు తెరిచేలోపే ముతెబ ముందుకొచ్చాడు.

"ఆవిడ కాదన్నా నేనొప్పుకోను అవ్వా. అమ్మ కాకపోతే చర్చి ముందు అంతమందిలో చెవి మెలిపెట్టి నా చొక్కా మార్పిస్తుందా? నాకు జ్వరమొస్తే పదకొండు రోజులు పొయ్యి వెలిగించకుండా నా మంచం పక్కనే కూర్చుంది. దానికి ఏ వరస పేరు పెడతావో నువ్వే చెప్పు."

కాంకు మనవడి వైపు చూసింది. చియామల లేచి వచ్చి మేక తాడు అందుకున్నాడు.

"మా నాన్నకు నేనొక్కణ్ణే. ఆ సంగతి నాకు తెలీదా? కొత్తగా దిగాను, ఆకలేసింది, అక్కా అన్నాను. తర్వాత అలవాటైపోయింది," అన్నాడు. "పొయ్యి అక్కడే ఉంటుంది. నష్టమంతా నాదే. అక్కయితే కసురుకునేవాణ్ణి, వియ్యపురాలికి మర్యాద చెయ్యాలి. ఎవర్రా అక్కడ, కుర్చీ తెండి! కోడిని కొయ్యండి!"

కుర్చీ వేశారు. మిసెంగత్త దాని అంచున కూర్చుంది. ఎవరో చేతులు కడగడానికి నీళ్ళు తెచ్చారు, ఎవరో పళ్ళెం పెట్టారు. ఆమె కంగారుగా ముతెబ చొక్కా పట్టి లాగింది.

"ఒరేయ్, నాకే వడ్డిస్తున్నారు. ఇప్పుడు నేనేం చెయ్యాలిరా?"

"తినమ్మా," అన్నాడు ముతెబ.