దస్తగిరి మామ పెట్టెలో ఉక్క

మార్చి వచ్చిందంటే నంద్యాలలో కూలర్లు బాగుచేసే అంగళ్ల ముందు పాత గడ్డి కుప్పలు పడతాయి. కొత్త గడ్డి పరిచి, మోటారు వేసి, నీళ్లు సరిగ్గా జారుతున్నాయో లేదో చూస్తుంటారు. ఆ తడి గడ్డి వాసన అందరికీ హాయి. నాకు మాత్రం కుడిచేయి జిల్లుమంటుంది. నిన్న ఆటోలో ఆస్పత్రికి పోతుంటే ఆ వాసన తగిలింది. నాకు తెలియకుండానే చేతిని కొంగులో దాచుకున్నాను. పక్కనున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏం మే, ఇంత ఎండలో చలి పెడతాందా?" అంది. ఏమని చెప్పను? చదువుకునే రోజుల నాటి భయం ఇంకా ఒంట్లోనే ఉంది, దిగి పొమ్మంటే పోవడం లేదు అని చెప్తే ఆమె ఆటో దిగిపోయేది.

దస్తగిరి మామ నాకు చుట్టం కాదు. నర్సింగ్ చదవడానికి గోస్పాడు నుంచి వచ్చి, నూనెపల్లెలో ఆయన ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాను. ఆయన కూలర్ల మెకానిక్. ఎండకు మాడిన సన్నటి మనిషి, చేతుల నిండా రేకు కోసుకున్న గాట్లు. ముందు గదిలో ఏదో అద్దాల పెట్టె ఉందని చూశాను గానీ, చేపల తొట్టేమో అనుకున్నాను. దిగిన నాలుగో రోజు తెలిసింది, అందులో ఉన్నది కొండచిలువ అని. మన అడవుల్లోది కాదు, ఆఫ్రికాది. మూడున్నర అడుగులుంటుంది, విషం లేదు. భయపడితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే దానికి బంతి అని పేరు పెట్టాడు. ఊళ్లో ఒక షావుకారు కొడుకు మోజుపడి హైదరాబాదు నుంచి అనుమతి కాగితాలతో సహా తెచ్చుకుని, మోజు తీరాక తిండి కూడా మరిచిపోతే, కూలర్ బాగుచేయడానికి పోయిన ఈయన చూడలేక తెచ్చుకున్నాడట. కాగితాలు తన పేరు మీదికి మార్పించుకుని, పటం కట్టి గోడకు తగిలించాడు. నేను ఇవేవీ వినే స్థితిలో లేను. ఆ సాయంత్రమే మూట కట్టుకున్నాను.

ఆయన వాకిట్లో నిలబడి నా మూట వైపు చూశాడు. "భయమా పాపా?"

"చచ్చేంత భయం మామా."

"ఉండనీ. భయం పోగొట్టుకో అని నేను చెప్పలే. భయం ఉండేటోళ్లే నాకు కావల్ల. ధైర్యం ఉండేటోడు మూత సగం ఏసి పోతాడు."

ఆ మాటకు నవ్వొచ్చింది. నవ్వితే మూట బరువైంది. ఉండిపోయాను.

వేసవి వస్తే ఆయనకు ఊపిరాడని పని. పొద్దున పోతే పొద్దుగూకే దాకా ఊళ్లోనే. భార్య హుసేన్‌బీ అత్తకు కళ్లు సరిగ్గా కనపడవు. పెట్టె చూడటానికి ఒక మనిషి కావాలి. నేను ఆస్పత్రిలో జ్వరాలు చూసి రాసేదాన్ని కాబట్టి నాకు చేతనవుతుందని ఆయన లెక్క. పాత అద్దాల బీరువాను అడ్డంగా పడుకోబెట్టి చేసిన పెట్టె అది. అద్దం ముందుకు, చెక్క మూత పైకి. ఒక కొసన వెచ్చదనం, ముప్పై రెండు డిగ్రీలు. రెండో కొసన చల్లదనం, ఇరవై ఆరు. కింద కొబ్బరి పొట్టు పరుపు. దాక్కోవడానికి బోర్లించిన కుండ, దానికి చేయి పట్టేంత వాకిలి. లోపల గోడకు రెండు చిన్న మీటర్లు, ఒకటి వేడికి, ఒకటి తేమకు. తేమ ముల్లు అరవై దగ్గర ఉండాలి. నంద్యాల ఎండల్లో బయట అది ఇరవై కూడా చూపించదు.

మొదటి నెలంతా పామును ముట్టనివ్వలేదు. నేను ముడతానని అడిగితే కదా! "దాన్ని ముట్టొద్దు, దాని గాలిని ముట్టు" అనేవాడు. మూత జానెడు జరిపి, మణికట్టు లోపలికి పెట్టి, కళ్లు మూసుకుని చెప్పాలి, ఎంత వేడి, ఎంత చెమ్మ అని. తర్వాత మీటరు చూడాలి. కుండ కదిలినట్టు అనిపిస్తే చేయి వెనక్కి లాక్కునేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు, తొందర పెట్టేవాడూ కాదు. "మళ్లా పెట్టు" అనేవాడు, అంతే. నెల తిరిగేసరికి ముల్లుకూ నా మణికట్టుకూ పెద్ద తేడా ఉండేది కాదు. అయినా భయం ఇసుమంతైనా తగ్గలేదు.

ఒకరోజు బంతి కళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. అది చచ్చిపోతోందని, నా చేతిలోనే చచ్చిపోతోందని ఏడుస్తూ ఆయనకు ఫోన్ చేశాను. వేరేవాళ్ల ఇంటి మిద్దె మీద కూలర్ విప్పదీసి ఉన్న మనిషి అన్నీ వదిలేసి వచ్చాడు. చూసి, చెమట తుడుచుకున్నాడు.

"కుబుసం పాపా. కంటి మీద పొర కూడా ఇడుస్తాది. తడిగుడ్డ ఆ కుండలో పెట్టు. ముల్లు కొంచెం పైకి పోనీ. ఎండితే పొర కంటికే అతుక్కుంటాది."

"లాగితే రాదా మామా?"

"లాగితే కన్ను వస్తాది."

వారం తర్వాత కుబుసం మేజోడులా ఒక్క ముక్కగా వచ్చింది, కళ్ల మీది పొరలతో సహా. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి, ఆ రెండు గుండ్రాలను నాకు చూపించాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

రోహిణి కార్తెలో ఆళ్లగడ్డ నుంచి కబురొచ్చింది, ఆయన అక్కకు పక్షవాతం వచ్చిందని. ఆలుమగలిద్దరూ బయలుదేరారు. బస్సు వేళవుతుంటే వాకిట్లో నిలబడి ఒక్కొక్కటే చెప్పాడు. ఎండ ముదిరింది కాబట్టి వేడి బల్బు వేయొద్దు. పన్నెండు దాటితే గదిలో కూలర్ వేయాలి, దాని గాలి మాత్రం పెట్టె మీద పడకూడదు. తలుపు కింద సందులో తడి గోనెపట్ట పెట్టాలి.

"లోపల ఉక్కగా ఉండల్ల. మూత మాత్రం తీయొద్దు. ఏం?"

"సరే మామా."

సరే అన్నాను గానీ, ఉక్క అనే మాట నాకు నచ్చలేదు. మా పక్క ఉక్క అంటే శత్రువు. వానకు ముందు ఆకు కదలదు, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. ఎవరింటికైనా చుట్టాలొస్తే నీళ్లకంటే ముందు విసనకర్ర ఇస్తాం. అటువంటిది ఒక ప్రాణిని ఉక్కలో మూసిపెట్టమంటాడేమిటి ఈ మనిషి అనుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి కూలర్ వేసి, దాని ముందు కూర్చున్నాను. నా ఒళ్లంతా చల్లబడింది. అప్పుడు మూత జరిపి మణికట్టు పెట్టి చూశాను. లోపలి గాలి జిడ్డుగా చేతికి తగిలింది. జాలేసింది. నేను ఇక్కడ చల్లగా కూర్చుని దీన్ని ఉక్కబెడుతున్నానే అనిపించింది. కాస్త గాలి ఆడనీ అని మూతను నాలుగు వేళ్ల మందం అట్లాగే వదిలేశాను. ఇంతలో కూలర్‌లో నీళ్లయిపోయాయి. స్విచ్చి ఆపి, వాకిలి దగ్గరికేసి, గోనెపట్ట సర్ది, బిందెలు తీసుకుని వీధి కొళాయి దగ్గరికి పోయాను. వరసలో ముక్కాలు గంట పట్టింది. వచ్చి చూస్తే కుండ ఖాళీ.

కుండ ఎత్తాను, పొట్టు తవ్వాను, లేదు. పాము అంటే భయంతో ఆ ఇంట్లో మూట కట్టుకున్నదాన్ని, ఆ క్షణం నన్ను అది కరుస్తుందేమో అన్న ఆలోచనే రాలేదు. వీధిలో పడితే ఏమవుతుంది? ఆఫ్రికాదో, విషం లేనిదో ఎవరు అడుగుతారు? కర్ర తీసుకున్నాకే పాము వైపు చూస్తాం మనం. దస్తగిరి మామ తిరిగొచ్చేసరికి దాన్ని మోరీ పక్కన కాలబెట్టి ఉంటారు. మంచం కింద చూశాను, పెట్టెల వెనక చూశాను, పనిముట్ల సంచి దులిపాను. గోనెపట్ట కదలలేదు, కాబట్టి గదిలోనే ఉండాలి. నిలబడి కళ్లు మూసుకుని మణికట్టు గాలిలో పెట్టాను. గదంతా పెనంలా ఎండిపోయి ఉంది. ఈ గదిలో చెమ్మ ఎక్కడుంది? అని నన్ను నేనే అడిగాను. కూలర్ వైపు చేయి చాపితే చల్లగా తగిలింది. పక్క రేకుల సందులు రెండేసి వేళ్ల వెడల్పు ఉన్నాయి.

అప్పుడే తలుపు తోసుకుని ఎదురింటి లక్ష్మక్క వచ్చింది. ఎండ వేళ దస్తగిరి మామ కూలర్ కింద కునుకు తీయడం ఆమెకు ఏళ్ల నాటి అలవాటు. పాము అనే మాట చెవిన పడితేనే ఇల్లెగిరిపోయేట్టు అరిచే మనిషి, గొళ్లెం పెట్టి ఉంటుందన్న నమ్మకంతోనే ఆ పెట్టెకు వీపు తిప్పి పడుకుంటుంది.

"ఏంది పద్మా, కూలర్ ఎయ్యలే?" అంటూనే స్విచ్చి మీదికి చేయి చాపింది.

నేను ఎట్లా దూకానో తెలియదు. స్విచ్చి మీద నా అరచేయి పెట్టేశాను. వేస్తే లోపల ఫ్యాను రెక్కలు తిరుగుతాయి.

"వద్దక్కా! షాక్ కొడతాంది."

"ఊరందరి కూలర్లు బాగుచేసేటాయన ఇంట్లోదానికే షాకా? నవ్వుతారు మే."

"నిజమక్కా. నాకు పొద్దున కొట్టింది."

ఆమె గొణుక్కుంటూ మంచం మీద కూలబడి కొంగుతో విసురుకోసాగింది. కోడలి గురించి చెప్పింది, మోకాళ్ల గురించి చెప్పింది. నేను స్విచ్చి మీద చేయి తీయకుండా ఊ కొడుతున్నాను. నా వీపు వెనక, మూరెడు దూరంలో, గడ్డి ఒకసారి సన్నగా గరగరమంది. లక్ష్మక్క మాట ఆపింది.

"ఎలకలు" అన్నాను.

"ఎలకలుంటే పాములొస్తాయి, జాగ్రత్త" అని చెప్పి, ఉడుకు ఓర్చుకోలేక లేచి పోయింది.

గడియ పెట్టి, ప్లగ్గు పీకి, పక్క రేకు ఊడదీశాను. చీకటిగా ఉంది. తడి గడ్డి వాసన గుప్పుమంది. చేయి లోపలికి పెట్టాను. తొట్టి అంచుకూ గడ్డికీ నడుమ మూలన వేళ్లకు తగిలింది, మెత్తగా, చల్లగా. బంతి చుట్టుకుని ఉంది. అన్నాళ్లలో దాన్ని ముట్టడం అదే మొదలు. ఒళ్లు వణికిపోతోంది. అది నా వేళ్ల మధ్య ఇంకా గట్టిగా ముడుచుకుంది, అదీ వణుకుతోందేమో అనిపించింది. రెండు చేతులతో తీసి పెట్టెలో పెట్టి, మూత వేసి, గొళ్లెం పెట్టి, మళ్లీ వచ్చి చూసి, మళ్లీ వచ్చి చూసి, అక్కడే కింద కూర్చుని ఏడ్చాను.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి ఫోన్. "ముల్లు ఎంతుంది పాపా?" "అరవై మామా." అది అబద్ధం కాదు. అయినా ఆయన వచ్చేదాకా, రెండు రోజులు, నాకు తిండి సహించలేదు.

ఆయన రాగానే చెప్పులు కూడా విప్పకుండా పెట్టె దగ్గరికి పోయాడు. బంతిని చేతిలోకి తీసుకుని, పొట్ట కింద నుంచి సన్నటి పోగు ఒకటి లాగాడు.

"ఈ గడ్డి యాడిది?"

అంతా చెప్పాను, జాలితో సహా. ఆయన గడప మీద కూర్చున్నాడు. "కూలర్ ఎయ్యలే గదా?" అని అడిగాడు. జరగలేదని ఎదురుగా కనిపిస్తున్నా అడిగాడు.

"లే మామా. నన్ను తిట్టు."

"నిన్నెందుకు తిట్టల్ల? తప్పు నాది. తీయొద్దు అని చెప్పినా. ఎందుకు తీయొద్దో చెప్పలే. మనకు ఉక్కంటే ప్రాణం పోయినట్టుంటాది. దానికి ఉక్కే ప్రాణం. ఈ ఒక్క మాట చెప్పకుండా ఊరికి పోయినా. మనకు బాగుండేది దానికీ బాగుంటాదని నువ్వు అనుకోవా మరి? మంచి మనసుండేటోళ్లంతా అట్లే అనుకుంటారు."

నేను చేసిన తప్పుకు ఒక పెద్దమనిషి తనను తాను తిట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. మా నాయన దగ్గరా చూడలేదు, ఆ తర్వాత నేను పనిచేసిన ఏ పెద్ద డాక్టరు దగ్గరా చూడలేదు. ఆయనకు ఊపిరితిత్తులు చెడ్డాక బంతిని కాగితాలతో సహా హైదరాబాదులో తెలిసినవాళ్లకు అప్పగించాడు. ఆ మరుసటి ఎండాకాలం ఆయనా పోయాడు. కడసారి చూడటానికి పోతే హుసేన్‌బీ అత్త నా చేయి తడుముకుని పట్టుకుని, మణికట్టు మీద బొటనవేలుతో రుద్దింది.

ఇప్పుడు నేను పురిటి బిడ్డల వార్డులో నర్సును. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను అద్దాల పెట్టెల్లో పెడతాం. పోయిన వారం వెలుగోడు నుంచి వచ్చిన ఒక అవ్వ, కిలో కూడా తూగని మనవరాలి పెట్టె కిటికీ తెరిచి కొంగుతో విసురుతోంది. "ఉక్కపోస్తాంది బిడ్డకు, మీకు కండ్లు లేవా?" అని నామీదే గొంతు లేపింది. నాకు మళ్లీ ఆ పాత భయమే. కేకలు వేయబోయి ఆగాను. కిటికీ మూసి, ఆమె చేతులు కడిగించి, మణికట్టును లోపలికి పెట్టించాను. ఆ గాలి ఎందుకట్లా ఉండాలో, చర్మం ఇంకా గట్టిపడని బిడ్డకు బయటి గాలి ఏం చేస్తుందో, అర్థమయ్యేదాకా చెప్పాను. అవ్వ కొంగు దించి నడుముకు దోపుకుంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి పోతుంటే వార్డు బయట ఆమె గొంతు వినిపించింది. అప్పుడే ఊరి నుంచి వచ్చిన కొడుకుకు చెప్తోంది.

"లోపలికి పోతే పెట్టె ముట్టొద్దు నాయనా. మనకు ఉక్కంటే ప్రాణం పోయినట్టుంటాది. ఆ బిడ్డకు ఉక్కే ప్రాణం."