బోర్డు కాంతమణి స్విచ్ పట్టిన కథ

చిలకలగూడలో మా మందుల పంపిణీ ఆఫీసుకు ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ కాంతమణి ఆంటీ గొంతు తెలుసు. మనిషిని చూసినవాళ్లు తక్కువ. మెట్ల కింద గదిలో, టెలిఫోన్ బోర్డు ముందు ముప్పై నాలుగేళ్లు కూర్చుంది. అందుకే ఆఫీసులో ఆమె పేరు బోర్డు కాంతమణి. మొదట్లో అది పిన్నుల బోర్డు. కాల్ వస్తే తీగ చివరి పిన్ను లాగి కావలసిన రంధ్రంలో గుచ్చాలి, మాట అయిపోగానే పీకి దాని గుంటలో కూర్చోబెట్టాలి. తీగ వేలాడుతూ కనిపిస్తే అప్పటి సూపర్‌వైజర్ డోరా మేడమ్ వేళ్ల మీద స్కేలుతో ఒక్కటి ఇచ్చేదట. తర్వాత బటన్ల బోర్డు వచ్చింది. నిరుడు అదీ పోయింది. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉంటే ఆపరేటర్ ఎందుకన్నారు.

ఐటీ మేనేజర్ విజయేందర్ సార్ మాత్రం ఒక దారి చూపించాడు.

"మూడు నెలలు టైమిస్తున్న మేడమ్. నెట్‌వర్క్ పని నేర్చుకోండ్రి. ఆఖరు శుక్రవారం నేనే ఒక ఫాల్ట్ పెడత. మీరొక్కరే పట్టుకుంటే సపోర్ట్‌ల పోస్టు. లేకుంటే..."

మిగతాది ఆయన గొంతు సవరించుకుని మింగేశాడు. ఆంటీకి యాభై ఏడు. ఇంకా మూడేళ్ల సర్వీసుంది.

"ఇంట్ల కూసుంటే నాకు మాటే పడిపోతది రా జకర్యా" అంది నాతో.

నేర్పే పని నా నెత్తిన పడింది. ఐటీలో అందరికన్నా చిన్నవాణ్ని. కాలేజీలో కాదు, పాడైన రౌటర్లు విప్పి విప్పి నేర్చుకున్నవాణ్ని. పైగా శిక్షలో ఉన్నవాణ్ని. అంతకుముందు వారమే సార్ కంప్యూటర్ అడ్రసును నా లాప్‌టాప్‌కు కూడా పెట్టి, నెట్ వస్తూ పోతూ ఆయన పరేషాన్ అవుతుంటే, వెనక కూర్చుని సమోసా తిన్నాను.

మొదటి పాఠం షురూ చేశాను. "ఐపీ అడ్రస్ అంటే ఆంటీ, ప్రతి కంప్యూటర్‌కు ఒక నంబర్."

"ఎక్స్‌టెన్షన్ అను."

"ఇద్దరికి ఒకటే నంబర్ ఉంటే..."

"ఎవరితోని సక్కగ మాట కలవది. నువ్వు సార్‌కు చేసిన దొంగపని గదేనా?"

గబుక్కున తర్వాతి పాఠానికి దూకాను. "గేట్‌వే అంటే..."

"బయటి లైనుకు సున్నా నొక్కుతం. లోపలోళ్లతోని మాట్లాడనీకి సున్నా అక్కర్లేదు. గంతే కదా?"

"డీఎన్ఎస్. పేరు చెప్తే నంబర్ చెప్పేది."

ఆంటీ కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "ముప్పై నాలుగేండ్లు గా పని చేసింది నేనే కద రా! దానికి సుత మిషిను పెట్టిండ్రా?"

ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని పలకరించి జవాబు వస్తుందో లేదో చూసే పింగ్‌కు ఆమె పెట్టుకున్న పేరు హలో. నెట్ పోతే హలో అనడానికి ఒక వరస కూడా పెట్టుకుంది. "ముందు నీ గొంతు, తర్వాత పక్క సీటు, తర్వాత గేటు, అటెన్క ఊరు." అంటే మొదట సొంత కంప్యూటర్, తర్వాత పక్క కంప్యూటర్, గేట్‌వే, చివరికి ఇంటర్నెట్. ఎక్కడ జవాబు ఆగితే తప్పు అక్కడ. ఇంత సూటి పాఠం నేనెక్కడా చూడలేదు. ఆ మాట ఆమెతో అనలేదు, నెత్తికెక్కుతుందని. ప్రాక్టీసు పేరుతో ఒకరోజు ఆమె కేబుల్ క్లిప్పు విరగ్గొట్టి వదులుగా పెట్టాను. లైటు వెలగడం లేదని నిమిషంలో పట్టుకుని, అదే కేబుల్‌తో నా వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆఖరు శుక్రవారం వచ్చింది. పరీక్ష పదకొండింటికి. పది కూడా కాకముందే, నెట్‌వర్క్ పెట్టెలన్నీ ఉండే రాక్ మీద దుమ్ము తుడిచి ఆంటీ అప్పుడే వచ్చి కూర్చుందో లేదో, ఆఫీసు మొత్తం ఆగిపోయింది. బిల్లింగ్‌లో అనుపమ కేక, గోదాం నుంచి ఫోన్లు. సార్ నేరుగా నా మీదికొచ్చాడు.

"ఏం జేసినవ్ రా?"

"ఒట్టు సార్, ఇయ్యాల ఏం చేయలె."

"ఇయ్యాల!"

ఆంటీ లేచింది. "పోరన్ని తర్వాత తిడుదురు సార్. ఇదే నా పరీక్ష అనుకోండ్రి."

సొంత గొంతు బాగానే ఉంది. పక్క సీటు పలకలేదు. గేటు పలకలేదు. రాక్ దగ్గరికెళ్తే, అన్ని కేబుళ్లూ కలిసే స్విచ్ మీద లైట్లన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకుంటున్నాయి.

"రీస్టార్ట్ చేద్దామా మేడమ్?" అన్నాడు సార్.

"చేస్తే మల్ల గిట్లనే అయితది. ఎవరిదో అరుపు లోపల్నే గిర్రున తిరుగుతున్నది. జకర్యా, గేటుకు హలో అనుకుంట ఉండు."

గేటుకు పోయే కేబుల్, నా లాప్‌టాప్ కేబుల్ వదిలేసి మిగతావి ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది.

"ఉన్నదా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదాంటీ."

తొమ్మిదోది పీకగానే నేను కేకపెట్టాను. "ఉంది!"

ఆ కేబుల్‌ను వేళ్లతో తడుముకుంటూ పోయింది. రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది. అందరికీ అని పంపిన సందేశం ఒక రంధ్రంలోంచి వెళ్లి ఇంకో రంధ్రంలోంచి తిరిగొచ్చి, మళ్లీ అందరికీ వెళ్లి, పెరుగుతూనే ఉంది. ఖరీదైన స్విచ్ అయితే ఆ చుట్టును పసిగట్టి దారి మూసేసేది. మాది చౌకది.

ఆంటీ ముఖం పాలిపోయింది. నాకు అర్థమైంది. ఇందాక దుమ్ము తుడుస్తుంటే వేలాడుతున్న కొస కనిపించి ఉంటుంది. చెయ్యి తనంతట తానే ఖాళీ రంధ్రంలో గుచ్చేసి ఉంటుంది.

"నేనే పెట్టిన అని చెప్త ఆంటీ" అన్నాను గుసగుసగా. "నాకు తిట్లు అలవాటే."

"నోర్ముయ్."

ఫాల్ట్ రిజిస్టర్ తెరిచి, కారణం గడిలో రాసింది: 'వేలాడే కేబుల్ రెండో కొసను అదే స్విచ్‌లో గుచ్చడం. గుచ్చినది కాంతమణి.' తీసుకెళ్లి సార్ చేతిలో పెట్టింది.

"తీగ వేలాడుతుంటే నేను చూడలేను సార్. ఇంటికి పొమ్మంటే పోత. పోరన్ని మాత్రం అనకుండ్రి."

సార్ పేజీలు వెనక్కి తిప్పాడు. "'రీస్టార్ట్ చేయబడింది.' ఇక్కడ గదే. ఇక్కడ సుత గదే. ఏడాదంత గదే. కారణం రాసిన మనిషి మీరొక్కరే."

ఆ రాతంతా నాదే. నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.

"పదకొండు గంటల పరీక్ష క్యాన్సిల్ మేడమ్. గింత మంచి ఫాల్ట్ పెట్టనీకి నాకు సుత రాదు." ఆంటీ పేరు కింద సంతకం చేశాడు. "బొల్లారం గోదాంల ప్రింటర్ నెట్‌వర్క్‌ల కనిపిస్తలేదంట. పోతరా?"

ఆంటీ కళ్లద్దాలు చీర చెంగుతో రెండుసార్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"లే, బండి తియ్యి."

"నేనెందుకాంటీ? పోస్టు మీకు కదా వచ్చింది!"

"నడపనీకి. పని నేను చేస్త."