టకటక మేస్త్రి

టకటక మేస్త్రి ఏ వస్తువునైనా మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి, అది ఏమంటుందో విన్నాకే నమ్ముతాడు. గోడైనా అంతే, తలుపైనా అంతే. టీ ఇస్తే గ్లాసుని కూడా గోటితో టక్, టక్, టక్‌మనిపించి, తల పక్కకి వాల్చి, "ఊఁ" అన్నాకే తాగుతాడు. ఇదేం అలవాటని అడిగితే, "లోపల ఏముందో వాటంతటవి చెప్పవు కదమ్మా, మనమే అడగాలి" అంటాడు. ఒక్క తన తలని మాత్రం ఎప్పుడూ కొట్టి చూసుకోడు. అక్కడేముందో ఆయనకి ముందే తెలుసట!

ఇలాంటి మనిషి చేతుల్లో పెట్టింది కోడలు, నాలుగో అంతస్తులోని తన రెండు గదుల ఫ్లాటుని. పెట్టిన రోజు నుంచి ఆమె ప్రాణాలు అరచేతిలోనే ఉన్నాయి.

అసలు భయం అంతకు నెల ముందే మొదలైంది. అత్తగారు బాత్రూం గడప తన్నుకుని పడ్డారు. కోడలు ఆఫీసులో ఉంది. కొడుకు ఓడలో వంటవాడు, ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. పొద్దున పదింటికి పడ్డ మనిషి, సాయంత్రం ఆరింటికి కోడలు తాళం తీసేదాకా ఆ తడినేల మీదే ఉండిపోయారు. అరిచి అరిచి గొంతు పోయింది. ఒక్కరికీ వినపడలేదు. తుంటి ఎముకైతే అతికింది గానీ భయం దిగలేదు.

"నేను ఇంటికి రానే అమ్మాయ్" అన్నారు ఆస్పత్రి మంచం మీంచి. "ఇక్కడ మీట నొక్కితే నర్సమ్మ వస్తుంది. అక్కడ నువ్వు ఆఫీసుకెళ్ళాక నాకెవరున్నారు?"

కోడలు సెలవుకి అర్జీ పెట్టింది. దొరికింది పన్నెండు రోజులు. ఈలోగా బాత్రూం గడప తీసేయాలి, వాకర్ పట్టేలా ద్వారం వెడల్పు చేయాలి, గోడలకి పట్టుకోడానికి కడ్డీలు బిగించాలి, జారని టైల్స్ వేయాలి. అప్పుడైనా ఆవిడ వస్తారేమోనని ఆశ.

మేస్త్రి మొదటిరోజు సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. అంతే, ఎవరో పిలిచారని బయటికెళ్ళి అరగంట తర్వాత వచ్చాడు. అప్పట్నుంచి మొదలైంది అసలు వరస. సుత్తి ఎత్తే ముందల్లా ఎదుటి గోడని టక్, టక్, టక్ కొట్టడం, చెవి ఆనించడం, వేచి ఉండడం.

"మేస్త్రిగారూ, ఏమంటోంది?"

"ఆగమంటోందమ్మా."

"గోడా?"

"ఊఁ."

పది నిమిషాలు ఆగేవాడు. కోడలికి గుండెలు పీచుపీచుమనేవి. "ఈ ద్వారం గోడ తీస్తే పైనున్న అంతస్తులు కూలవు కదా?" అనడిగింది.

"ఛఛ, కూలవమ్మా" అన్నాడు. అని ఊరుకున్నాడా? పైకప్పుని కర్రతో మూడుసార్లు పొడిచి విన్నాడు. "కూలకూడదు" అని సవరించాడు. ఆ పూట కోడలు అన్నం పట్టుకెళ్ళి మెట్లమీద కూర్చుని తింది.

మూడోరోజు మధ్యాహ్నం మేస్త్రి యథాప్రకారం టక్, టక్, టక్ అన్నాడు. ఈసారి కోడలూ దగ్గరే ఉంది. తర్వాత గోడ లోపల్నుంచి టక్, టక్, టక్.

దెయ్యాల్లేవని ఆఫీసులో అందరితో వాదించి గెలిచిన మనిషి కోడలు. ఆమెకి దెయ్యాల మీద నమ్మకం లేదు, ఉన్నదల్లా భయమే. రెండంగల్లో వాకిలి దాటింది. మేస్త్రి మాత్రం తాపీగా, "ఒప్పుకుంది" అంటూ సుత్తి ఎత్తాడు.

నాలుగోసారి గోడ పలికేసరికి ఆమె పరుగెత్తడం మానేసింది. మానేసిందంటే ధైర్యం వచ్చి కాదు, వాకిలి దాకా పరుగెత్తి విసిగి. అత్తగారిని ఇలాంటి ఇంటికా తీసుకొచ్చేది! పోనీ మేస్త్రిని మార్చేద్దామా అంటే, ద్వారం గోడ సగం నేలమీద ఉంది.

ఎనిమిదోరోజు టైల్స్ మొదలుపెట్టాడు. వేసిన ప్రతి టైలునీ కొట్టి వినడం, కాస్త డొల్లగా మోగితే పీకెయ్యడం. ఒకే వరసని నాలుగుసార్లు పీకాడు. "డొల్ల టైలు నా చేతి కింద ఉండకూడదమ్మా" అన్నాడు. మధ్యలో ఏం తోచిందో, హఠాత్తుగా అడిగాడు:

"అత్తగారు పడ్డప్పుడు తల ఎటుంది?"

"కిటికీ వైపు. ఎందుకు?"

"కదిలిన చెయ్యేది?"

"ఎడంచెయ్యి. కుడిది కింద ఇరుక్కుపోయింది."

మేస్త్రి గబుక్కున నేలమీద వెల్లకిలా పడుకున్నాడు, కిటికీ వైపు తల పెట్టి. ఎడంచెయ్యి చాచి, నేలకి జానెడెత్తున గోడని తడిమాడు. ఈయనకీ పూనింది కాబోలు దేవుడా అనుకుంది కోడలు. నీళ్ళు చల్లాలా, ఎవర్నైనా పిలవాలా అని ఆలోచిస్తుండగానే ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ పనిలో పడ్డాడు.

పన్నెండోరోజుకి పని పూర్తయింది. మరునాడే అత్తగారిని తీసుకురావాలి. ఈపాటికి కోడలికీ ఆ జబ్బు అంటుకుంది. వంగి ప్రతి టైలునీ మూడుసార్లు కొట్టుకుంటూ వచ్చింది. అన్నీ నిండుగా పలికాయి. కింది వరసలో ఒక్కటి మాత్రం డప్పులా మోగింది.

"దొరికారు మేస్త్రిగారూ! పెద్ద కబుర్లు చెప్పారు. ఇదేంటి?"

మేస్త్రి ముఖం చాటంతయింది. "భేష్! చెవి వచ్చేసిందమ్మా మీకు."

"నవ్వుతారేంటి? పీకి మళ్ళీ వెయ్యండి."

"వేస్తా. ముందు ఒక్కసారి అత్తగారిలా పడుకోండి."

ఆయన గొంతులో ఏముందో గానీ, ఆమె మారుమాట్లాడకుండా పడుకుంది. కిటికీ వైపు తల. నేల చల్లగా తగిలింది. ఎనిమిది గంటలు అత్తయ్య ఇక్కడే, ఇలాగే ఉన్నారు కదా అనుకుంది. ఎడంచెయ్యి చాచింది. వేళ్ళు సరిగ్గా ఆ డొల్ల టైలు మీద పడ్డాయి.

"మూడు కాదమ్మా, ఆపకుండా కొట్టండి."

కొట్టింది. గోడవతల ఏదో కుర్చీ దబ్బున పడింది. అడుగుల చప్పుడు. వాకిలి తలుపు తోసుకుని ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

"పడ్డారా? ఎవరు పడ్డారు?"

పక్క ఫ్లాటు టైలరమ్మ. కోడలు లిఫ్టులో తప్ప ఎప్పుడూ చూసి ఎరగదు.

"మొదటిరోజు ఈ మహానుభావుడి సుత్తి దెబ్బకి ఉలిక్కిపడితే మిషను సూది నా వేల్లో దిగిందండీ" అంది టైలరమ్మ, కట్టు కట్టిన వేలు చూపించి. "బయటికి పిలిచి నాలుగు చివాట్లు పెట్టాను. అప్పట్నుంచి కొట్టే ముందు మూడుసార్లు తట్టి అడుగుతాడు. మిషను ఆపి నేను తిరిగి తడతాను. అర్జెంటు కుట్టుంటే కాసేపు తట్టను. ఇప్పుడు నా మిషన్ని కూడా ఈ గోడకే జరిపించాడు. ఇటు తడితే అటు బల్ల అదురుతుంది. ఆపకుండా తడితే ఎవరో పడ్డట్టు గుర్తట."

"నాకెందుకు చెప్పలేదు మేస్త్రిగారూ? నేను దెయ్యమనుకుని చచ్చాను!"

"పక్కపక్క గుమ్మాలు, మూడేళ్ళ కాపురం. మీరూ మీరూ మాట్లాడుకునే ఉంటారనుకున్నానమ్మా."

కోడలికి తల కొట్టేసినట్టయింది. టైలరమ్మా తల దించుకుంది. "ఆరోజు కూడా నేనిక్కడే ఉన్నానండీ. మిషను మోతలో వినపడలేదు."

కోడలు లేచి, గుత్తిలోంచి వాకిలి తాళంచెవి ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. మేస్త్రి తాపీ అందుకుని, "ఇక ఈ టైలు పీకేద్దామా అమ్మా?" అన్నాడు.

"దాని జోలికెళ్తే ఊరుకోను" అంది కోడలు.

అత్తగారు వచ్చారు. ఆ డొల్ల టైలుని అనుమానంగా చూశారు, తట్టారు, అవతలి జవాబు విన్నారు. ఆ రాత్రి పడ్డాక తొలిసారి నిశ్చింతగా నిద్రపోయారు.

సోమవారం కోడలు ఆఫీసుకైతే వెళ్ళింది గానీ మనసంతా ఇంట్లోనే ఉంది. సాయంత్రం తాళం తీసింది. అత్తగారు బాత్రూంలో ఉన్నారు. చెప్పులు విప్పకుండానే పరుగెత్తింది. చూస్తే, కుర్చీ వేసుకుని గోడపక్కన కూర్చుని ఉన్నారు.

"నిన్ను పలకరించడానికి క్షణం తీరిక లేదే అమ్మాయ్. పొద్దుట్నుంచి ఇరవైసార్లు తట్టి పిలిచింది ఆ టైలరు పిల్ల. జాకెట్టు మెడ గుండ్రంగా పెట్టాలా, పలకగా పెట్టాలా అని ఇప్పుడే వచ్చి అడిగి వెళ్ళింది. నేనూ తట్టకుండా ఊరుకున్నానా!"

నెల తిరక్కుండానే కోడలు ఫోన్ చేసింది. "మేస్త్రిగారూ, ఆ టైలు పగిలిపోయిందండీ."

అటునుంచి టక్, టక్, టక్. ఫోన్ని కూడా కొట్టి చూస్తున్నాడు.

"పగలదా మరి! రేపు పొద్దున్నే వచ్చేస్తానమ్మా" అన్నాడు. "ఈసారి రెండు డొల్లవి వేద్దాం, ఒకటి కబుర్లకి."