కింద పెట్టని బంతి

రాష్ట్రం రెండైన ఏడాది మా బడికి రెండు అట్టపెట్టెలు వచ్చాయి. ఒకదాంట్లో ఫుట్‌బాల్స్, ఇంకోదాంట్లో కోలగా ఉండే రగ్బీ బంతులు. నేను భద్రాచలం దగ్గర గిరిజన ఆడపిల్లల హాస్టల్ బడిలో డ్రిల్ టీచర్ని. కొత్త రాష్ట్రానికి ప్రతి ఆటలోనూ కొత్త జట్టు కావాలట, ఫుట్‌బాల్‌తో పాటు రగ్బీ కూడా ఆడించమని పెట్టెల మీద ఒక కాగితం. హెడ్మిస్ట్రెస్ ఆ కోల బంతిని అటు తిప్పి ఇటు తిప్పి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పిల్లలు మాత్రం చూడగానే దానికి బొప్పాయి అని పేరు పెట్టేశారు. ఏడాది పొడుగునా మా గ్రౌండ్‌లో అది బొప్పాయే.

ఫుట్‌బాల్ నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. రగ్బీ ఫోన్లో చూసి నేర్చుకున్నాను. ముందుకు పరిగెత్తాలి, బంతిని మాత్రం వెనక్కే అందించాలి. ఆర్డర్లు రాసే ఆఫీసరెవడో ఈ ఆట కనిపెట్టి ఉంటాడని పిల్లలతో అన్నాను. వాళ్ళు నవ్వలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని వాళ్ళకు తెలుసు, నేను హాస్యమాడినా తిట్టినట్టే వింటారు.

మా వైపు వాళ్ళకు ఆ ఏడాది సంగతి చెప్పనక్కర్లేదు కాని, మిగతావాళ్ళకు చెప్పాలి. గోదావరి మీద కట్టే ప్రాజెక్టు కింద మునుగుతాయని మా జిల్లాలో కొన్ని మండలాలను ఆంధ్రలో కలిపేశారు. భద్రాచలం టౌను ఇటు ఉండిపోయింది. టౌను చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. బస్సెక్కి టిక్కెట్టు తీసుకునేలోపు వేరే రాష్ట్రం వచ్చేసేది. మా ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మందిలో ఆరుగురి ఊళ్ళు అటు పోయాయి, పిల్లలు మాత్రం ఇటే, మా హాస్టల్లోనే ఉన్నారు. నిన్నటిదాకా ఉన్న చోటే ఉన్నాం కదా, మేమెట్ల వేరే అయినమని ఒక పిల్ల అడిగింది. ఆట మీద దృష్టి పెట్టమని కసిరాను. జవాబు తెలియనప్పుడు నేను చేసే పని అది.

నన్ను కూడా ఆ ఏడాది స్టాఫ్‌రూములో అందరూ అడిగేవారు, మీరు ఎటు మేడం అని. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి అశ్వారావుపేట దగ్గర పొలం కొన్నాడు. నేను పుట్టింది ఇక్కడ, చదివింది ఇక్కడ. అయినా నా మాటలో ఎక్కడో ఒక దీర్ఘం తేడాగా వినిపించేదేమో, టీ తాగుతూ అడిగేవారు. ఇటే అని చెప్పేదాన్ని. ఇటే అని చెప్పాల్సి రావడమే నాకు మండేది.

నాతో ఒకే గదిలో కిరాయికి ఉన్న లెక్కల టీచరు రాజమండ్రి వైపు మనిషి. అటు రాష్ట్రంలో ఉద్యోగానికి ఆప్షన్ పెట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఇద్దరికి సరిపోయే కుక్కరు నాకు వదిలేసింది. ఒక్క మనిషికి ఆ కుక్కర్లో బియ్యం పోస్తే అడుగున కనిపించేవి కావు. రెండు వారాలు వండి చూశాను, తర్వాత హాస్టల్లో పిల్లలతో కలిసి తినడం మొదలుపెట్టాను. ఆదివారాలు పెద్ద శిక్ష. పెళ్ళి చేసుకోలేదని నేనెప్పుడూ బాధపడలేదు గాని, ఆ ఏడాది ఆదివారాలు మధ్యాహ్నం రెండు గంటలకు చాలా ఒంటరిగా అనిపించేది. అందుకే ఆదివారం కూడా ప్రాక్టీసు పెట్టాను. పిల్లల మేలు కోసమని చెప్పాను, అదీ అబద్ధం కాదు.

ఫుట్‌బాల్లో మేం మొదటి రౌండులోనే ఓడిపోయాం. పట్నం పిల్లలవి అలవాటైన బూట్లు, మావి అలవాటు లేని బూట్లు. రగ్బీలో మాత్రం ఆశ ఉంది. మన దగ్గర ఆడేవాళ్ళే లేని ఆట కాబట్టి కొత్త రాష్ట్రం మొదటి జట్టులోకి ఎవరైనా పోవచ్చు. మా దగ్గర ఒక పిల్ల ఉంది. తొమ్మిదో తరగతి, కోయ పిల్ల, ఊరు అటు పోయిన వాటిల్లో ఒకటి. తునికాకు కట్టలు మోసిన కాళ్ళు, వాటికి అలుపు తెలియదు. మాటలు తక్కువ. ఆ పిల్ల కొత్త రాష్ట్రం జెర్సీ వేసుకుంటే చూడాలని నాకు ఆశ పట్టుకుంది. అది ఆ పిల్ల కోసమా, నేను ఇటు మనిషినేనని స్టాఫ్‌రూముకు చూపించడం కోసమా అని ఇప్పుడు అడిగితే, రెండూ అంటాను.

ఇబ్బంది ఒక్కటే, బంతి చేతిలో నిలిచేది కాదు. ఫుట్‌బాల్ ఆడిన అలవాటు, పైగా బొప్పాయి జారిపోతుంది. ఒక ఆదివారం విసుగొచ్చి, మీ ఊళ్ళో అన్నిటికన్నా జాగ్రత్తగా మోసేది ఏందే అని అడిగాను. విత్తనాల దొప్ప అంది. తొలకరికి ముందు వాళ్ళ ఊళ్ళో విత్తనాల పండుగ చేస్తారు. పూజ చేసిన విత్తనాలను పెద్దాయన ఇంటింటికీ ఆకు దొప్పలో పోసి ఇస్తాడు. దాన్ని గుండెకు ఆనించుకుని చేను దాకా పోవాలి, నడుమ ఎక్కడా కింద పెట్టకూడదు.

"నడుమ దించితే ఆ విత్తనం ఆ నేలదైపోతది మేడం," అంది. "మనది కాదు."

నాకు కావలసింది దొరికింది. "ఇదీ గట్లనే అనుకో. మీ విత్తనాల దొప్ప అనుకో. పానం పోయినా కింద పెట్టద్దు," అన్నాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల చేతిలోంచి బంతి ఒక్కసారి కూడా జారలేదు. ముగ్గురు మీద పడినా రెండు చేతులతో పొదువుకుని లేచేది. నేను గొప్ప కోచ్‌నని నాకు నేనే మురిసిపోయాను.

ఇక్కడ రగ్బీ సంగతి ఒకటి చెప్పాలి. బంతి పట్టుకుని గీత దాటితే సరిపోదు, దాటాక దాన్ని నేలకు ఆనించాలి, అప్పుడే పాయింట్లు. నాకు తెలుసు. కాని మా గ్రౌండులో గీత అవతల అంతా కంకర. మొదటి వారంలోనే ఇద్దరు పిల్లలకు మోకాళ్ళు చెక్కుకుపోయి దవాఖానాకు తీసుకెళ్ళాల్సి వచ్చింది. సరే, గీత దాటితే చాలు, నేను విజిల్ వేస్తాను అన్నాను. అసలు పద్ధతి సెలక్షన్‌కు ముందు చెప్దామనుకున్నాను.

సెలక్షన్ దగ్గరపడే కొద్దీ నాకు వేరే బెంగ పట్టుకుంది. ఆ పిల్ల ఏ ఊరిదని అడిగితే ఏం చెప్పాలి? ఊరి సర్టిఫికెట్టు కోసం ఇటు ఆఫీసుకు పోతే ఆ ఊరు మాది కాదన్నారు. అటు ఆఫీసుకు పోతే పిల్ల చదివేది అక్కడ కదా, అక్కడే తెచ్చుకోమన్నారు. గోదావరి బ్రిడ్జి దాటి ఎన్నిసార్లు తిరిగానో. చివరికి ఆరో తరగతి నుంచీ ఇక్కడే చదువుతోందని మా బడి సర్టిఫికెట్టు ఒకటి, పాత జిల్లా పేరున్న పాత కాగితాలు నాలుగు, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకున్నాను. హైదరాబాదు బస్సులో దారంతా ఆ ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరేం అడిగితే ఏం చెప్పాలో లోపల్లోపల చెప్పుకుంటూ పోయాను. పిల్లలు వెనక సీట్లలో పాటలు పాడుకున్నారు. వాళ్ళతో ఆట గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఎవరూ ఏమీ అడగలేదు. టేబుల్ దగ్గర కూర్చున్నాయన పేరు, బడి, పుట్టిన తేదీ రాసుకుని చేతికి నంబరు బట్ట ఇచ్చాడు. నేను ఫైలు తెరవబోతే అవసరం లేదు మేడం అన్నాడు. ఆ క్షణంలో నా గుండె ఎంత తేలికైందో చెప్పలేను. గ్రౌండంతా మెత్తటి పచ్చగడ్డి. నేను మిగతా కోచ్‌ల పక్కన కూర్చుని, ఇంకేం ఫర్వాలేదు అనుకున్నాను.

పిల్లలను కలగలిపి జట్లు చేశారు. ఒక్కో ఆట చిన్నది, ఊపిరి తీసుకునేలోపు అయిపోతుంది. మా పిల్లకు బంతి అందింది. అందరినీ తప్పించుకుని అంచు వెంట ఎంత పరుగు పరిగెత్తిందంటే పక్కన కోచ్‌లు లేచి నిలబడ్డారు. గీత దాటింది. దాటి, ఆగకుండా, బంతిని గుండెకు ఆనించుకుని చివరి దాకా పోయి, అక్కడ బయటి గీత కూడా దాటి నిలబడింది. రెఫరీ చెయ్యి అడ్డంగా ఊపాడు. పాయింట్లు లేవు.

నాకు అప్పుడు అర్థమైంది. అసలు పద్ధతి నేను చెప్పనే లేదు.

కింద పెట్టు అని ఒక్క అరుపు అరిస్తే సరిపోయేది. నాకు గొంతు లేకనా? గోదావరి అవతలికి వినిపిస్తుందని నన్ను ఎగతాళి చేస్తారు. కాని అరిస్తే పక్కనున్న వాళ్ళందరికీ తెలుస్తుంది, ఈ పిల్లకు అసలు పద్ధతే నేర్పకుండా తీసుకొచ్చింది ఈవిడేనని. మధ్యలో ఆపినప్పుడు దగ్గరికి పోయి మెల్లగా చెప్దాంలే అనుకున్నాను. ఆట ఆపలేదు. ఆ పిల్ల ఇంకో రెండుసార్లు గీత దాటింది. రెండుసార్లూ బంతిని కింద పెట్టలేదు. మూడోసారి గీత దాటాక ఒక్క క్షణం ఆగి మా వైపు తిరిగి చూసింది. నేను ఒళ్ళోని ఫైలు సర్దుకున్నాను.

సెలెక్టర్లలో ఒకాయన నవ్వుతూ మా వైపు వచ్చాడు. ఇంత ఉరుకే పిల్లకు ఎవరండీ నేర్పింది, బంతి ఇంటికి తీసుకపోతదా ఏంది అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెయ్యెత్తలేదు.

జాబితాలో ఆ పిల్ల పేరు లేదు. మా బడి నుంచి ఎవరి పేరూ లేదు. తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసింది. వచ్చే ఏడాది చూద్దాంలే అన్నాను. అవ్ మేడం అంది. వేసవి సెలవులు కాగానే వాళ్ళమ్మ వచ్చి టీసీ అడిగింది. ఇప్పుడు వాళ్ళది ఆంధ్ర కదా, కాగితాలన్నీ అటువే కావాలంటున్నారు, అటు హాస్టల్లోనే వేస్తామంది. అటు ఊళ్ళ పిల్లల్లో మిగతా ఐదుగురు కూడా ఒక్కొక్కరే పోయారు. ఫుట్‌బాల్ జట్టులో ఐదుగురు మిగిలారు. ఐదుగురితో ఏం ఆడిస్తాం, చిన్న తరగతుల పిల్లలను కలిపి ఖోఖో ఆడించాను.

మరుసటి ఏడాది జూన్‌లో ఒక ఆదివారం బండి వేసుకుని ఆ పిల్ల ఊరికి పోయాను. విత్తనాల పండుగ అని తెలిసే పోయాను. వాళ్ళమ్మ మంచం వాల్చింది, మంచినీళ్ళిచ్చింది. ఆ పిల్ల ఏడాదిలో జానెడు పొడుగైంది. నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాట చెప్పాను. ఆ రోజు తప్పు నీది కాదు, గీత దాటినంక బంతి కింద పెట్టాలని నేనే మీకు చెప్పలేదు అన్నాను.

"తెల్సు మేడం," అంది. "పక్క జట్టు పిల్ల పెట్టంగ చూసిన."

మరి నువ్వెందుకు పెట్టలేదని అడిగాను. కోపంగానే అడిగాను, నా గొంతు అలాంటిది.

"మీరే గదా పెట్టద్దన్నది. మీరు చెప్తరేమో అని మీ దిక్కు చూసిన."

పూజ దగ్గరికి రమ్మని పిలిచింది, పోయాను. పెద్దాయన అందరికీ పంచుతూ, పరాయిదాన్నని చూడకుండా నాకూ ఒక ఆకు దొప్పలో ఇన్ని వడ్లు పోశాడు. బండి మీద పట్టుకోవడం కుదరదని ఆ పిల్లే వాటిని నా చున్నీ చివర మూట కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది. బండి స్టార్ట్ చేశాక, నడుమ దించద్దు మేడం అని గుర్తు చేసింది.

నాకు చేను లేదు. అశ్వారావుపేటలో మా అన్న వేసిన పామాయిల్ తోటలో గుప్పెడు వడ్లు చల్లే జాగా కూడా ఉండదు. గదికి వచ్చి లెక్కల టీచరు వదిలేసిన కుర్చీలో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం రెండైంది. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ఒక్క మనిషీ లేడని అప్పుడు తెలిసింది. చెప్పుకోవలసిన ఒక్క పిల్లకూ ఏడాది ఆలస్యంగా చెప్పి వచ్చాను.

కాసేపటికి లేచి బడికి పోయాను. సెలవు రోజు, గ్రౌండులో ఎవరూ లేరు. గీత దాటి కంకరలోకి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో రాళ్ళు పక్కకు నెట్టి, మూట విప్పి ఆ వడ్లు అక్కడ దించాను. మోకాళ్ళకు రాళ్ళు గుచ్చుకున్నాయి. అంత నొప్పేం కాదు. నేర్పి ఉంటే ఆ పిల్ల ఓర్చుకునేదే.