పుదీనాకు పాలపొడి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఊరంతటికీ ఉత్తరాలు పంచాడు. ఆయన సైకిలు గంట వినగానే కుక్కలు తోకలు ఊపేవట. ఒక కుక్కయితే తన పేర ఏమైనా వచ్చిందా అని రోజూ గేటు దగ్గర నిలబడి అడిగేదట. చెప్పింది ఆయనే అనుకోండి.

అలాంటి మనిషికి రిటైరయ్యాక ఒకటే బెంగ పట్టుకుంది. భార్యకు వచ్చిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ ఆమె ముక్కులోని వాసనలన్నీ మూటగట్టుకు పోయింది. పాలు పొంగి మాడినా ఆమెకు తెలియదు. భోజనం ముందు కూర్చుని, "ఇసుక నమిలినట్టుందండీ," అని కంచం పక్కకు జరిపేది. జాకెట్లన్నీ వదులైపోయాయి.

బజారు నుంచి పుదీనా తెచ్చి ముక్కు దగ్గర పెట్టాడు.

"గడ్డి ఎందుకు తెచ్చారు?" అంది.

ఆయన మనసు చివుక్కుమంది. తప్పు ఆ ముక్కుది కాదు, మందులు కొట్టి పెంచిన ఈ ఆకుది అని తేల్చుకున్నాడు. మందుల ఊసే లేకుండా ఇంట్లో పెంచితే, ఆ వాసనే తలుపు తట్టి ఆమెను పలకరిస్తుంది. కట్టలోని కాడల్ని గ్లాసు నీళ్లలో నిలబెట్టి, బాల్కనీలో పడక్కుర్చీలో వాలాడు. కళ్లు మూసుకుంటే పుదీనా గ్రిల్లు పట్టుకుని మెల్లగా పాకుతోంది. వంటింటి కిటికీలోంచి దూరి, నిద్రపోతున్న ఆమె జడలో అల్లుకుంటోంది. కళ్లు తెరిస్తే ఎదురుగా ఖాళీ కుండీ, దాని మీద వాలిన ఎండ.

ఎరువు సంగతి ఫోన్లో మరదల్ని అడిగాడు. మొక్కలంటే ఆమెకు ప్రాణం. బావను ఆటపట్టించడమంటే అంతకన్నా ప్రాణం.

"ఇన్నాళ్లూ పోస్టు మోశావు, ఇక కంపోస్టు మొయ్యి బావా," అని నవ్వింది. "కష్టమేం లేదు. మూత ఉన్న బకెట్టుకి అడుగున చిల్లులు పెట్టు. కూరగాయల తొక్కలు వెయ్యి. తడి వేసినప్పుడల్లా పైన పొడి వెయ్యి. అది మాత్రం మరిచిపోకు."

"ఎంత పొడి?"

"తడి ఎంతో అంత. కాస్త ఎక్కువైనా పర్లేదు."

ఏ పొడి అని అడిగితే మరదలి దగ్గర పరువేం కాను? వంటింట్లో డబ్బాలు మూతలు తీసి చూశాడు. కారప్పొడి వేస్తే మొక్క మండిపోతుంది. కాఫీపొడి వేస్తే రాత్రంతా నిద్రపోదు. పసిమొక్క కదా, పాలపొడిని మించినదేముంది?

రోజూ తొక్కల మీద పాలపొడి చల్లి, పసిపాపను పడుకోబెట్టినట్టు మూత పెట్టేవాడు. మూత తీసినప్పుడల్లా ఊపిరి బిగబట్టక తప్పేది కాదు. ఎరువన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాడు. పైవాటా వాళ్లు కిటికీలు మూసుకున్నారు.

ఒక మధ్యాహ్నం బకెట్టు మూత తీసి, అలా కుర్చీలో కూలబడి కునుకు తీశాడు. కలలో పుదీనా మేడ దిగి, వీధి దాటి, పోస్టాఫీసు మెట్లెక్కుతోంది.

"ఏవండీ, ఏమిటీ కంపు? ఎక్కడైనా ఎలక చచ్చిందా?"

ఉలిక్కిపడి లేచాడు. గుమ్మంలో భార్య కొంగుతో ముక్కు మూసుకుని నిలబడింది. గబగబా మూత అందుకున్నవాడు అలాగే ఆగిపోయాడు.

"ఏమన్నావు?"

"కంపు అంటున్నా. మీ ముక్కు కూడా పోయిందా ఏమిటి?"

ఆ మాట పూర్తవుతూనే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. కొంగు మెల్లగా కిందికి జారింది. ఆయన మరదలికి ఫోన్ కలిపి జరిగింది చెప్పాడు.

"పొడి అంటే పొడి చెత్త బావా, ఎండుటాకులు. నయం, పంచదార కలపలేదు."

"కలిపాను. కొంచెమే."

అవతల నవ్వు ఆగలేదు. ఏడుపు కూడా కలిసినట్టుంది. ఆయన సిగ్గుపడి ఫోన్ పెట్టేసి, పారబొయ్యడానికి బకెట్టు ఎత్తబోయాడు.

"ఉండండి," అంది భార్య. బకెట్టు మీదికి వంగి, గుండెనిండా పీల్చింది. మొహం వికారంగా ముడుచుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ పీల్చింది.

ఆ కంపులోనే నిలబడి, "ఆకలేస్తోందండీ," అంది.